పిరికి బాబాయ్ ధైర్యం పుస్తకాలు

బాబాయ్‌కి భయం ఎక్కువ. ఏమేం చూస్తే భయమని అడక్కండి, తెల్లారిపోతుంది. ఏం చూస్తే భయం లేదో అడగండి, ఒక్క ముక్కలో తేలిపోతుంది. బెలూన్ అంటే భయం, బల్లి అంటే భయం, లిఫ్ట్ అంటే భయం. నల్లకుక్క అంటే భయం, తెల్లకుక్క అంటే ఇంకా భయం. మనిషి చూస్తే ఆరడుగులు. ఆ మీసం చూసి పోలీసులు కూడా పక్కకి తప్పుకునేవారు. గొంతు విప్పితే కిటికీ అద్దాలు అదిరేవి. ఏం లాభం, ఆ గొంతు సగానికి సగం "అమ్మో!" అనడానికే ఖర్చయిపోయేది.

ఇంతటి వీరుడు పొట్టకూటికి చేసే పని పిల్లలకి ధైర్యం గురించి బొమ్మల పుస్తకాలు రాయడం! ఒకటా రెండా, పన్నెండు రాశాడు. గాలివానకి ఎదురు నిలిచిన పిట్ట, బడికి మొదటిసారి ఒంటరిగా వెళ్ళిన తాబేలు, ఇలాంటివి. ప్రతి పుస్తకం వెనక అట్ట మీద "మన లోపలి బలాన్ని మనకే చూపించే రచయిత" అని రాసి, పైన ఆయన ఫొటో. ఆ ఫొటో తీస్తున్నప్పుడు ఫ్లాష్‌కి అదిరిపడి కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడన్న సంగతి మాత్రం అట్ట మీద వెయ్యలేదు.

ఆ పుస్తకాలకి బొమ్మలు వేసేది ఆయన అన్నకూతురు. ఆ అమ్మాయికి బొమ్మలు వెయ్యడం ఒక పనైతే, బాబాయ్‌ని ఆరో అంతస్తులో ఉన్న ప్రచురణకర్త ఆఫీసుకి చేర్చడం పది పనుల పెట్టు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఆయన గోడకి అతుక్కుపోయేవాడు.

"ఎక్కు బాబాయ్!"

"నువ్వెళ్ళవే. నేను ఎవరైనా తోడొస్తే వస్తా."

ఆ తోడు ఎప్పుడూ అయిదారేళ్ళ పిల్లో పిల్లాడో అయ్యుండేది. ఒకసారి మూడో అంతస్తు పిల్ల ఒకతి బిక్కమొహంతో నిలబడి ఉంటే, ఈయన వెళ్ళి, "తల్లీ, కాస్త నా చెయ్యి పట్టుకుంటావా?" అని బతిమాలాడు. ఆ పిల్ల ఈయన్ని ఎగాదిగా చూసి, "ఏం కాదు తాతగారూ, కళ్ళు మూసుకోండి" అని ధైర్యం చెప్పి మరీ తీసుకెళ్ళింది. చూస్తున్న అన్నకూతురికి తల కొట్టేసినట్టయింది.

ఇక బొమ్మల దగ్గర యుద్ధమే. పదమూడో పుస్తకంలో వాగు దాటే కుందేలుకి ఆ అమ్మాయి ఛాతీ విరిచి, చెవులు నిక్కబెట్టి, ముచ్చటగా వేసుకొచ్చింది. బాబాయ్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇదేమిటే, కుస్తీకి వెళ్తోందా?"

"దానికి ధైర్యం వచ్చింది కదా! నువ్వే రాశావు."

"వస్తే మాత్రం? మోకాళ్ళు వణకాలి, చెవులు వేలాడిపోవాలి, కళ్ళు సగం మూసుకోవాలి. అప్పుడు గెంతాలి."

"అప్పుడది పిరికి కుందేలవుతుంది బాబాయ్!"

"మరి నేను ఎవరి కథ రాశాననుకున్నావు?"

ఆ అమ్మాయి నాలుగుసార్లు చెరిపి వేసింది. కుందేలు వణికింది గానీ, ఆవిడ ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలో ప్రచురణకర్త ఆజ్యం పోశాడు. "గురువుగారూ, ఈసారి పుస్తకాన్ని పెద్ద హాల్లో విడుదల చేస్తున్నాం. రెండొందలమంది పిల్లలొస్తారు. మీరు స్టేజి మీద ఓ అరగంట మాట్లాడాలి."

"స్టేజా! అమ్మో!" అని బాబాయ్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. "మా అమ్మాయి మాట్లాడుతుంది. నేను పక్కన నిలబడతా."

అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయిదో తరగతిలో స్టేజి ఎక్కి, పద్యం మొదటి ముక్క దగ్గరే ఆగిపోయి, ఏడుస్తూ దిగిన మనిషి. ఆ తర్వాత మైకున్న చోటికి పోతే ఒట్టు.

"ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడితీరాలి. లేకపోతే పద్నాలుగో పుస్తకం సంగతి మరిచిపోండి," అనేశాడు ప్రచురణకర్త.

దారంతా ఆ అమ్మాయి కడిగేసింది. "ధైర్యం గురించి లోకానికి నీతులు చెప్తావు, నీ భయాలన్నీ తెచ్చి నా నెత్తిన రుద్దుతావు!" బాబాయ్ మాత్రం ఎదురుగా పిల్లి వస్తోందని రోడ్డు దాటేశాడు.

కోపంతో పళ్ళు నూరీ నూరీ మూడోనాటికి ఆ అమ్మాయి దవడ వాచింది. పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. డాక్టరమ్మ ఆ అమ్మాయి నోట్లో దూది కుక్కి, చీటీలో ఇంటిపేరు చూసి, "మీసాలాయన మీకేమవుతారు?" అంది.

"ఆఆయ్."

"బాబాయా! ఎంత అదృష్టమమ్మా! కుర్చీ ఎక్కనని మొండికేసే పిల్లలుంటే నేను ఆయనకే ఫోన్ చేస్తా. పది నిమిషాల్లో వాలిపోతారు. 'అమ్మో, నాకు భయం, ముందు నువ్వు కూర్చుని ఎలా ఉందో చెప్పవా' అంటారు. ఆయన్ని ఓదార్చే హడావిడిలో పిల్లలు నోరు తెరుస్తారు. నా పని నేను కానిచ్చేస్తా. ఆయన పళ్ళకేం, ముప్ఫై రెండూ ఇనప గుళ్ళు! సైకిలేసుకుని ఎంత ఎండలోనైనా వస్తారు."

"ఐకిలా?!"

"ఆఁ, సైకిలే. చేతులొదిలేసి తొక్కుతారు."

ఆ అమ్మాయి దూదితో సహా నోరు వెళ్ళబెట్టింది. తనకి ఏడేళ్ళప్పుడు సైకిల్ మీంచి పడి, ఇక జన్మలో ఎక్కనని ఒట్టేసుకుంటే, బాబాయే వచ్చి, "నాకూ రాదే, నువ్వు నేర్చుకుని నాకు నేర్పవా?" అని గడ్డం పట్టుకున్నాడు. ఆ సెలవులంతా ఆయనకి తొక్కి చూపించీ చూపించీ తను నేర్చేసుకుంది. ఆయన మాత్రం పదకొండుసార్లు పొదల్లో పడి, చేతులెత్తేశాడు. "మా బాబాయ్‌కి సైకిల్ కూడా రాదు" అని ఇరవయ్యేళ్ళుగా ఊరంతా చాటింపు వేసిందీ తనే!

బయటికొచ్చి, మొద్దుబారిన మూతితో వంకరగా నవ్వుకుంది. స్టేజంటే భయమన్న ఆ నాటకం ఎవరి కోసమో అప్పటికి అర్థమైంది. తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్ళింది.

"నేనే మాట్లాడతాలే. నువ్వు భయపడకు, నా చెయ్యి పట్టుకో."

"బతికించావే తల్లీ!" అన్నాడాయన.

ఆ రోజు రానే వచ్చింది. తెర వెనక ఇద్దరూ నిలబడ్డారు. అవతల రెండొందలమంది పిల్లల గోల. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా నవ్వుతూ బాబాయ్ చెయ్యి అందుకుని ఉలిక్కిపడింది. అది మంచుగడ్డలా ఉంది, చెమటకి జారిపోతోంది. మీసం ఒక పక్కే అదురుతోంది.

"ఇక చాల్లే బాబాయ్, డాక్టరమ్మ అంతా చెప్పేసింది."

"అవన్నీ సరేనే," అన్నాడాయన పీలగా. "ఇది మాత్రం నిజం."

ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు తెర లేచింది. ముందు వరసలో పిల్ల ఒకతి వీళ్ళని చూసి, "మీకు భయమేస్తోందా?" అని అరిచింది.

"ఆఁ!" అన్నారిద్దరూ ఒక్కసారే.

హాలంతా ఘొల్లుమంది. "బాబాయ్, ఏం మాట్లాడను?" అని గొణిగింది ఆ అమ్మాయి.

"నోరు మూసుకుని మాట్లాడవే, నేను పడిపోయేలా ఉన్నా!"

ఆ ముక్క మైకులోంచి ఆఖరి వరస దాకా వెళ్ళింది. నవ్వులు సద్దుమణగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ నవ్వుల్లోనే ఆ అమ్మాయి గొంతు పెగిలింది. అరగంటన్నది ముప్పావుగంట మాట్లాడింది. మధ్యలో పుస్తకం పేజీ తిప్పాలని చెయ్యి విడిపించుకోబోతే బాబాయ్ వదిలితేనా!