బ్రేకు చేసినోడే ముందు బండెక్కాల

గిద్దలూరు బస్టాండులో జనాన్ని ఎక్కించుకుంటా ఉంటే ఫోన్ మోగింది. మేస్త్రి మామ తెల్లారుజామున పోయినాడంట. కష్టమైంది, కాదనను. కానీ ఆ వెంటనే ఆయన చేసిన పనులన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చి, ఎవరికో ఒకరికి చెప్పకుంటే నిలవలేనంత ఉబలాటం పుట్టింది. ముందు సీట్లో ఒక పెద్దమ్మ దొరికితే ఆమెకు సగం చెప్పినా. మీకు మొత్తం చెబుతా.

మామ నాకు చుట్టమేం కాదు. నేను డ్రైవరుగా ఉన్న ప్రైవేటు బస్సుల షెడ్డుకు ఆయన అప్పట్లో హెడ్ మేస్త్రి. మా బండ్లు నల్లమల ఘాట్ మీదుగా నంద్యాలకు పోతాయి. ఆ మలుపుల్లో దిగేటప్పుడు బ్రేకు తప్ప మాకు ఇంకో దిక్కు లేదు. అందుకే షెడ్డులో ఆయన ఒక కట్టుబాటు పెట్టినాడు. బ్రేకు పని ఎవరు చేస్తే వాళ్ళు ఆ బండి మొదటి ట్రిప్పులో ఎక్కి ఘాట్ దాటి రావాల. తను చేసినా అంతే. ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా వచ్చి ఎక్కి కూచున్న రోజులున్నాయి. "మన బ్రేకు మీద మనమే కూచోలేకపోతే ఊరోళ్ళ పిల్లల్ని ఎట్ల కూచోబెడతాం?" అనేవాడు.

ఇంక నోరంటారా, అబ్బో! స్పానరు కింద పడేసినా తిట్టేవాడు. అయితే ఆ తిట్లన్నీ షెడ్డు రేకుల కిందనే. ఓనరు దగ్గర ఒక్కరి మీద గూడ చాడీ చెప్పి ఎరగడు. ఎవరన్నా తన దగ్గరికి చాడీ తెస్తే, ఉండబ్బీ, వాణ్ణి గూడ పిలుస్తా, ఎదురుగానే చెబుదువు అని లేచేవాడు. తెచ్చినోడు అక్కణ్ణించి మాయం.

అసలు సంగతికొస్తా. ఒకరోజు మా బండికి పెండ్లి ట్రిప్పు పడింది. మగపెండ్లివాళ్ళు పట్టుచీరలతో, పంచెలతో మా గేటు ముందరే నిలబడినారు. నేను బావా అని పిలిచే మెకానిక్ బ్రేకులు చూసి, అయిపోయిందని చేతులు కడుక్కున్నాడు. మామ ఎక్కమన్నాడు. బావ నసిగినాడు. కడుపులో బాగలేదు, ఇయ్యాల ఒక్కరోజుకు ఇంకెవరినన్నా పంపమన్నాడు. మామ బండి తాళాలు తీసుకొని జేబులో వేసుకున్నాడు.

ఓనరు చిందులు తొక్కినాడు. ముహూర్తం దాటితే ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. పని అయిందా లేదా, కాకపోతే చెప్పు, వీణ్ణి ఇప్పుడే ఇంటికి పంపిస్తానని మామ మీదికి వచ్చినాడు. బావను అంతకుముందే ఒకసారి తీసేస్తానని బెదిరించి ఉన్నాడు. మామ నోటి నుంచి ఒక్క మాట చాలు, బావ కూడు పోయినట్టే.

"అతను ఎక్కంది బండి కదలదన్నా. ఎందుకనేది చెప్పాల్సింది నేను కాదు" అన్నాడు మామ. తర్వాత బావ వైపు తిరిగి, మేం ఎన్నడూ వినని మెత్తని గొంతుతో అన్నాడు.

"కడుపులో బాగలేకపోతే పోయి పండుకో నాయనా. బ్రేకు బాగలేకపోతే చెప్పు, ఇద్దరం చూద్దాం."

బావ తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తి, మామతో కాదు, నేరుగా ఓనరుతోనే చెప్పినాడు.

"వెనక ఎడమ చక్రం విప్పలేదన్నా. తొందరలో పైపైన చూసి వదిలేసినా."

ఓనరు మొఖం కందగడ్డ అయింది. వచ్చినాక తేలుస్తానన్నాడు. మామ మాత్రం అదేం పట్టనట్టు గేటు దగ్గరికి పోయి, షెడ్డు నాది, ఆలస్యం గూడ నాదేనని పెండ్లి పెద్దలకు దండం పెట్టి చెప్పినాడు. వచ్చి చొక్కా విప్పి బండి కిందికి దూరినాడు. పక్కనే బావ. ఇంక చూడాల మా షెడ్డు! ఒకరు జాకీ, ఒకరు నీళ్ళు, ఒకరు గుడ్డలు, అందరం ఉరుకులే. పెండ్లికొడుకు గూడ ఆగలేక కొత్తపంచె పైకి పట్టుకొని తొంగి చూసి పోయినాడు.

ఓనరు బావను తీసెయ్యలేదు. తన నోటితో తానే చెప్పినాడు కాబట్టి ఉంచుకున్నానని తర్వాత నాతో అన్నాడు. ముహూర్తం గూడ అందుకున్నాం. ఇయ్యాల ఆ షెడ్డుకు హెడ్ మేస్త్రి మా బావే. కానీ నేను పొద్దున్నించి ఆగలేకుండా ఉన్నది ఇందుకు కాదు, ఆ ట్రిప్పు కోసం.

బ్రేకు ఇద్దరూ కలిసి చేసినారు కాబట్టి మామా, బావా ఇద్దరూ ఎక్కి నా వెనక సీట్లో కూచున్నారు. ఘాట్ మొదలయ్యేదాకా బండి నిండా పాటలు, కేరింతలు. దిగుడు రాగానే అందరూ గమ్మునైపోయి ముందు సీట్ల కమ్మీలు పట్టుకున్నారు. మొదటి మలుపులో బ్రేకు తొక్కినా. బండి చెప్పినట్టు విన్నది! నా ఆనందం పట్టలేక, చూసినావా మామా అని అద్దంలోకి చూసినా.

మామ నోరు తెరుచుకొని, గ్రీజు చేతులు ఒళ్ళో పెట్టుకొని, బావ భుజం మీద తల వాల్చి గుర్రుపెట్టి నిద్రపోతా ఉన్నాడు. బావ కళ్ళెంబడి నీళ్ళు కారిపోతా ఉంటే, తుడుచుకుంటే ఎక్కడ భుజం కదులుతుందోనని, అన్ని మలుపుల్లోనూ బిగుసుకొని అట్లనే కూచున్నాడు.