ఇంట్లో పడ్డాడని రాసిన చేయి

గణపతిరావు నడుం విరిగినప్పుడు అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఎదురు చెప్పాడన్న కోపంతో రైల్వే వర్క్‌షాపులో పని చేయించే చార్జ్‌మన్ చక్రధర్, నలుగురు మోయాల్సిన ఇనప బ్రేకు బీముని అతనొక్కడి చేతే ఎత్తించాడు. "ఒక్కడివే ఎత్తు, మగాడివి కాదేటి?" అన్నాడు. ప్రమాదం రిపోర్టులో మాత్రం ఇంట్లో జారిపడ్డాడని రాశాడు. ఆ అబద్ధం పాతికేళ్ళుగా గణపతిరావు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇవాళ పొద్దున అతను తాముండే ఝపటాపూర్ పేటలో టీకొట్టు బెంచీ మీద పాత వర్క్‌షాపువాళ్ళతో కూర్చున్నాడు. ఎదురింటి గుమ్మంలో డెబ్బై అయిదేళ్ళ చక్రధర్ నిండు గ్యాసుబండ ఎత్తబోతూ నడుం వంచాడు. వయసు మీదపడితే వెన్నుపూసల్ని కట్టి ఉంచే లిగమెంట్లు బిగువు తప్పుతాయనీ, పడుచుతనంలో ఆపిన బరువులో సగానికే తెగిపోవచ్చనీ డాక్టరు చెప్పిన మాట గణపతిరావుకి గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే చాలు, పగ తీరిపోతుంది. కానీ అతనికి కావలసింది ఆ నడుం కాదు.

"ఒక్కడివే ఎత్తు బాబూ, మగాడివి కాదేటి?" అని కేకేశాడు.

చక్రధర్ ఆగిపోయాడు. "గణపతీ... ఓ చెయ్యెయ్యరా."

"ముందు నాను ఎక్కడ పడినానో సెప్పండి. మనోలందరూ ఇనాల."

"షాపులో."

"గట్టిగా! ఎవులు ఎత్తించినారు?"

"నేనే ఎత్తించినాను. రిపోర్టు అబద్ధం రాసినాను."

గణపతిరావు మిగిలిన టీ తీరిగ్గా తాగి, చొక్కా ఎత్తి నడుముకున్న బెల్టు చూపించాడు. "సెయ్యేద్దును గానీ నా నడుం ఒంగదు బాబూ. మీ సలవే. బండ ఎత్తకండి, వాల్చి దొర్లించుకోండి."

వెనక బండ నేల మీద దొర్లుతున్న చప్పుడు ఎంతసేపు వినబడుతుందో అంతసేపూ వినాలని, అతను మెల్లగా నడిచాడు.