చైనా నాటకంలో నా వన్స్‌మోర్

నోటిదూల వల్ల ఉద్యోగం ఊడబోయిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే.

కంప్యూటర్లకి వైటూకే జబ్బు పట్టిన రోజులు. వైద్యం చేస్తానని సింగపూర్ వచ్చాను. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించాలంటే మేనేజర్ లిమ్ సంతకం పెట్టాలి. ఆయనోరోజు, "ఆదివారం సాయంత్రం వుడ్‌ల్యాండ్స్‌లో మా అమ్మ చైనా నాటకం ఆడుతోంది, వస్తావా?" అన్నాడు. రానా మరి! డోలు కూడా మోస్తానన్నాను.

మార్కెట్ వెనక పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు. లిమ్ వాళ్లమ్మ, డెబ్బై ఏళ్ల ఆంటీ, మొహానికి ఎర్రరంగు పూసుకుని, వీపుకి జెండాలు కట్టుకుని సేనాధిపతిగా వచ్చింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ బాణం తగిలి కూలిపోతూ ఒక రాగం తీసింది చూడండీ! నాది తెనాలి. చచ్చిపోయిన రాజుని లేపి మళ్లీ పద్యం పాడించుకునే ఊరు. ఆగుతానా? లేచి, "వన్స్‌మోర్!" అని అరిచాను.

తాళాలు ఆగిపోయాయి. ఆంటీ నా వంక చూసి, లేచి, జెండాలు సర్దుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయింది.

"వన్స్‌మోర్!" ఈసారి ఈల కూడా వేశాను.

మూడోసారి పాడుతుంటే ఆవిడ కళ్లనీళ్లకి ఎర్రరంగు కారిపోతోంది. ఎంత లీనమైపోయిందో అనుకున్నాను, వెధవని.

లిమ్ నా చొక్కా పట్టుకుని కుర్చీలో కూలేశాడు. "మా అమ్మని ఎందుకు తిడుతున్నావ్?"

"అయ్యో సార్, మెచ్చుకుంటున్నా!"

"మెచ్చుకుంటే 'హావ్', అంటే బాగుంది, అనాలి! మళ్లీ పాడమంటే తప్పు పాడావని. చిన్నప్పుడు వాళ్ల గురువు బెత్తం పట్టుకుని అలాగే పాడించేవాడు."

నా ప్రాణం సగం పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదేనండీ, ఊరే తెనాలి కాదు.

నాటకం అయ్యాక తెరవెనక్కి పరిగెత్తాను. "ఆంటీ, సారీ..." అంటుండగానే ఆవిడ చెయ్యెత్తి ఆపి, చైనా భాషలో ఏదో గట్టిగా అంది. లిమ్ మాడిన మొహంతో తర్జుమా చేశాడు: "ఇన్నేళ్లూ నా తప్పులు ఎవరూ పట్టుకోలేదు, వీడొక్కడే పట్టుకున్నాడు అంటోంది. మూడోసారైనా సరిగ్గా వచ్చిందా అని అడుగుతోంది."

"వచ్చింది," అన్నాను.

కాంట్రాక్టు పొడిగించారు. కాకపోతే, తప్పులు బాగా పడతావంటూ ప్రోగ్రామింగ్ నుంచి పీకి టెస్టింగ్‌లో పడేశారు. పైగా రెండేళ్లపాటు ప్రతి ఆదివారం ఆంటీ సాధనకి గురువుని నేనే! ఆవిడ మూడేసి గంటలు పాడేది, నేను అర్థమైనట్టు తలాడించేవాణ్ణి.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నా: ఈ జన్మలో వన్స్‌మోర్ అనను. ఆఖరికి పెసరట్టు ఎంత నచ్చినా సరే, ఒక్కటి తిని నోరు మూసుకుని లేచిపోతాను.