గట్టు పక్క మునుం

దయ్యం పట్టడం, గాలి సోకడం లాంటి మాటలు మా పుట్టింట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మా బాపు పగలంతా చెరుకు కొట్టి వచ్చి, పొద్దు గూకేముందు వాకిట్లో కూర్చుని నాకు పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. నేను బడికి పోలేదు. నాకు వచ్చిన చదువంతా ఆ వాకిట్లోదే. పక్కింటి పిల్లలు దయ్యం కథలు చెబితే విని వచ్చి నేను వణుకుతుంటే, "భయమైతే ప్రార్థన చేస్కో బిడ్డా, గా కథలు ఇంట్లకు తేకు" అనేవాడు.

పెళ్ళయి వచ్చాక కూడా అదే పట్టుకుని బతికాను. ఆదివారం చర్చికి పోతాను, పడుకునే ముందు ఆ రోజు మేలు చేసిన వాళ్ళ పేర్లు తలచుకుని స్తోత్రం చెబుతాను. దయ్యాల మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా రెండేళ్ళ కింద వానాకాలంలో మా పొలంలో జరిగినదానికి నా దగ్గర సమాధానం లేదు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ పోయే తోవకు లోపల ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎటు చూసినా చెరుకే. ఇప్పుడు అంతా వరే. కాలువ నీళ్ళు మా ఊరికి చివర వస్తాయి, మా పొలానికి అందరికంటే చివర వస్తాయి. ముందున్న వాళ్ళు తడుపుకోగా మిగిలినవే మావి.

ఆ పొలం కూడా మాది కాదు, కౌలు. పొలం యజమాని పటేల్ నిజామాబాద్‌లో ఉంటాడు. ఆ వానాకాలానికి ముందు యాసంగి పంటకు నీళ్ళు చాలక ఒక మూల నాటు వేయలేకపోయాం. ఆయన గట్టు మీద బండి ఆపి, దిగకుండానే చూసి, "ఈసారి జర్రంత పడావున్నా సరే, బీహారోళ్ళ ముఠాతోని నేనే ఏయించుకుంట" అని చెప్పి పోయాడు. కసిరి చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. అందుకే ఇంకా భయమేసింది. మా ఆయనకు తుంటి అరిగిపోయి వంగడం రాదు. ఆ పొలం పోతే మాకు మిగిలేది నేను చుట్టే బీడీలు ఒక్కటే. వాటితో ఇల్లు గడవదు.

కూలి ఇచ్చి మనుషులను పెట్టుకోలేని మాలాంటి వాళ్ళకు నాట్లప్పుడు బదులే ఆధారం. ఒకామె నా పొలంలో ఒక రోజు వంగితే, నేను ఆమె పొలంలో ఒక రోజు వంగాలి. అంతే లెక్క. మేము ఆరుగురం ఆడవాళ్ళం ఏళ్ళ తరబడి అట్లా బదులు పోతున్నాం. నాటు వేసేటప్పుడు వరుసగా నిలబడి, ఒక్కొక్కరు చేయి అందినంత వెడల్పు పట్టీ తీసుకుని, వంగి వెనక్కి జరుగుతూ నాటుకుంటూ పోతాం. ఆ పట్టీనే మునుం అంటాం. ఎవరి మునుం ఎక్కడో మాకు ఎవరూ చెప్పనక్కర లేదు. గట్టు పక్క మునుం ఎప్పుడూ లచ్చవ్వదే. ఆమెది ఎడమచేతి వాటం. మధ్యలో నిలబడితే పక్కనున్న వాళ్ళకు మోచేయి తగులుతుంది. అందుకే ఆమెను అంచుకు పెట్టేవాళ్ళం.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నారు ముదిరింది. కాలువ వదిలారు గాని నీళ్ళు మా దాకా వచ్చేసరికి, రేపటి నుంచి బంద్ అని తెలిసింది. దమ్ము చేసిన మట్టి నీళ్ళు లేకుండా ఎంతసేపు నిలుస్తుంది? ముఠావాళ్ళు పెద్ద రైతుల దగ్గర ఉన్నారు. మిగతా ఆడవాళ్ళకు మరుసటి రోజు వేరే చోట బదులు ఉంది. అంటే నాటు ఆ ఒక్క రోజులో పడాలి.

ఆ ముందు రోజే లచ్చవ్వకు జ్వరం తలకెక్కి, నిజామాబాద్‌లో దవాఖానకు తీసుకుపోయారు. ఆమె కోడలు సుజాత వెంట పోయింది.

మిగిలిన ఐదుగురం తెల్లవారగానే దిగాం. ఎవరి వంట్లోనూ సత్తువ లేదు. అప్పటికి వారం నుంచీ రోజూ ఎవరిదో ఒకరి పొలంలో వంగుతూనే ఉన్నాం. కాళ్ళ వేళ్ళ మధ్య ఒరిసిపోయి, బురద తగిలితే మంట. మా ఆయన కుంటుకుంటూ నారు కట్టలు విసురుతున్నాడు. అందరం తలలు వంచి పని చేసుకుంటూ పోయాం.

మధ్యాహ్నం సద్దులు విప్పడానికి గట్టెక్కినప్పుడు సాయవ్వ నా వైపు తిరిగి ఒక్కసారిగా నెత్తి కొట్టుకుంది. సాయవ్వ మాలో పెద్దది, నోరు ఊరుకోదు.

"ఓ రూతవ్వా, సూడే! లచ్చి మునుం లచ్చికే ఇడిసిపెట్టినం!"

నిజమే. పొద్దున దిగేటప్పుడు ఎవరి అలవాటు కొద్దీ వాళ్ళు వాళ్ళ వాళ్ళ చోట్లో నిలబడ్డాం. గట్టు పక్కది ఖాళీగా వదిలేశాం. ఐదుగురిలో ఒక్కరికీ తోచలేదు. మా ఆయన కూడా అలవాటుగా ఆ వైపు నారు కట్టలు విసిరి పెట్టాడు. పొలం ఒక అంచున సగం దాకా పొడుగ్గా ఉత్త బురద నీళ్ళు, వాటిలో మబ్బు కనిపిస్తూ ఉంది. అది నేను నా కళ్ళతో చూశాను. మిగతా నలుగురూ చూశారు.

"దవాఖానల పండుకున్నా ఆమె జాగ ఆమెకు గావాలె మరి," అంది సాయవ్వ. "పటేలురాలు!"

అందరం నవ్వాం. నవ్వుతుంటే నాకు ఏడుపు వచ్చింది. ఆ అంచు రోడ్డు వైపుది. పటేల్ బండి ఆపితే ముందు కనిపించేది అదే.

"ఇప్పుడు జరుగుదామా?" అని అడిగాను.

"ఇప్పుడు జరిగితే అందరి మునుం ఆగమైతది. ఇట్లనే ఆ గట్టు దాంక ఎల్లగొడ్దాం. ఎల్లినంక అందరం గలిసి గా ఒక్కటి ఏద్దాం. నువ్వు పరేషాన్ గాకు. తిను."

తిన్నామనిపించి మళ్ళీ దిగాం. కాసేపటికి సన్నగా జల్లు పట్టింది. యూరియా సంచులు కొప్పెరలు చేసి నెత్తిన వేసుకున్నాం. వాటి కింద వంగితే మన చేతులు, మన ముందున్న నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. సంచి మీద చినుకుల చప్పుడు, నారు గుచ్చే చప్పుడు. నడుము నొప్పి ఒక దశ దాటితే మనిషికి ఆలోచన కూడా ఉండదు. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెడుతున్నాను.

ఒకటి రెండుసార్లు నారు కట్ట విప్పడానికి తలెత్తినప్పుడు, ఎడమ పక్కన వంగిన నడుములు వరుసగా ఉన్నాయి. గట్టు వైపు చివరన కూడా ఒకటి ఉన్నట్టు కనిపించింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఏళ్ళ తరబడి అక్కడ ఉండే మనిషి అక్కడ ఉంటే ఎవరికి వింత? అది నిజంగా చూశానో, అలవాటు పడ్డ కళ్ళు చూశాయో చెప్పలేను.

జల్లు ఆగింది. ఇంకా వెలుగు ఉండగానే చివరి గట్టుకు చేరాం. నేను నడుము పట్టుకుని నిలబడి, ఇంకా ఆ మునుం ఉంది కదా, ఈ కాళ్ళతో ఎట్లా అని ఆ వైపు చూశాను.

ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నాటు వేసి ఉంది.

ముందు, నా పక్కనున్న వాళ్ళు వేశారనుకున్నాను. వాళ్ళు నేనూ సాయవ్వా కలిసి వేశామనుకున్నారు. ఒకరినొకరు అడుక్కున్నాం. ఎవరి మునుం వాళ్ళు వదలలేదు. మా ఆయన, "నాకు వంగనస్తే గింత బాధ ఎందుకు?" అన్నాడు. రోడ్డు మీద ఎవరైనా ఆగారా అని అడిగాం. ఆయన నారుమడి దగ్గర ఉన్నాడు, పొలం వంక చూడలేదు. విసిరిన నారు కట్టలు అక్కడ లేవు. కట్టిన గడ్డిపోచలు మాత్రం నీళ్ళ మీద తేలుతున్నాయి.

సాయవ్వ గట్టు మీద కూలబడి చాలాసేపు ఆ నాటును చూసింది. తర్వాత మెల్లగా నన్ను పిలిచింది.

"రూతవ్వా, గిటు రా. నీ నాటు ఎటు ఒరిగింది?"

కుడిచేత్తో గుచ్చిన మొక్క అప్పటికప్పుడు ఒక వైపుకు కొంచెం ఒరిగి ఉంటుంది. నాటు వేసే వాళ్ళకు తప్ప అది కనిపించదు. మా ఐదు మునుముల మొక్కలూ ఒక వైపే ఒరిగి ఉన్నాయి. గట్టు పక్క మొక్కలు దానికి ఎదురు వైపు ఒరిగి ఉన్నాయి.

సాయవ్వ ఆ నీళ్ళు ఇన్ని తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను గాని ప్రార్థన రాలేదు. ఫోన్‌లో ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. చేతులన్నీ బురద. వారం తిరిగేసరికి మొక్కలన్నీ పాతుకుని నిటారుగా నిలబడ్డాయి. చూపించడానికి ఇక ఏ గుర్తూ లేదు.

ఇంటికి పోతూ తోవలోనే సుజాతకు ఫోన్ చేశాను. లచ్చవ్వ చనిపోయిందని వింటానేమో అనుకున్నాను. సుజాత గొంతు అలసిపోయి ఉంది.

"పొద్దుగాల మంచిగనే ఉండె రూతక్కా. పగటాల్ల, అన్నాలు తినే యాల్ల నుంచి తెల్వి లేదు. ఎడమ చెయ్యి ఊకుంటలేదు. దుప్పటి అంచు వట్టుడు, పరుపుల గుచ్చుడు. వట్టుడు, గుచ్చుడు. నేను పట్టుకున్నా ఆగలే. నర్సమ్మనేమో జరానికి గట్లనే చేస్తరు అంటది."

"ఇప్పుడెట్లుంది?"

"గిప్పుడే ఆగింది. పండుకున్నది. నడుం మీద చెయ్యేస్తే 'అమ్మా' అంటున్నది."

నర్సమ్మ చెప్పింది నిజమే కావచ్చు. తీవ్రంగా జ్వరం వచ్చిన వాళ్ళు దుప్పటి పీకుతారని తర్వాత ఇంకొందరు కూడా చెప్పారు. నేను సుజాతకు మా నాటు సంగతి చెప్పలేదు.

మరుసటి రోజు పటేల్ వచ్చాడు. రోడ్డు మీదనే బండి ఆపి, అద్దం దించి, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా చూశాడు. "మంచిగనే వడ్డది," అని అద్దం ఎక్కించుకుని పోయాడు. పొలం మాకు మిగిలింది. ఆ పంటే తిన్నాం, ఇప్పటికీ ఆ పొలమే చేస్తున్నాం. దేవునికి స్తోత్రం.

లచ్చవ్వ బతికి వచ్చింది. సగమైంది, ఎడమ చేతిలో పట్టు లేదు. దవాఖానలో చేరిన రోజు నుంచి ఆమెకేమీ గుర్తు లేదు. చెప్పాలా అని మేము మాట్లాడుకున్నాం. "సావు దాంక వొయ్యి వచ్చింది. గిది చెప్పి మల్ల బెదిరిపిస్తరా?" అని సాయవ్వ తేల్చేసింది. ఎవరూ చెప్పలేదు.

కాని నాటు వేసిన ఆ రాత్రి నుంచి నాకు ఒక ఇబ్బంది పట్టుకుంది. పడుకునే ముందు ఆ రోజు మేలు చేసిన వాళ్ళ పేర్లు తలచుకుంటానన్నాను కదా. నలుగురి పేర్లు చెప్పాక నోరు ఆగిపోయేది. ఐదో పేరు చెబితే నేను నమ్మనిది నమ్మినట్టు. చెప్పకపోతే మేలు మింగినట్టు. పాస్టర్‌ను అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.

యాసంగిలో లచ్చవ్వ పొలం నాటు వచ్చింది. ఆమెకు ఎవరెవరు బదులు ఉన్నారో వాళ్ళు పోవాలి. నేను లేను. మా పొలానికి ఆమె రాలేదు కదా. అయినా పొద్దున్నే పోయి గట్టు మీద నిలబడ్డాను. ఆమె శాలువా కప్పుకుని కూర్చుని ఉంది.

"నువ్వేందే? నీ నాటు నాడు నేను దవాఖానల వడ్డ. నాకు నువ్వు బదులు లేవు."

"ఉన్న లచ్చక్కా."

"ఎట్లనే?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. నిజమేదో నాకే తెలియదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. సాయవ్వ అటు తిరిగి నారు కట్ట విప్పుతోంది. లచ్చవ్వ మళ్ళీ అడగలేదు.

"సరే. గట్టు పొంట నా మునుం వట్టు. నాకు వంగనస్తలేదు," అంది.

పట్టాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె చోట్లో వంగి నాటాను. అది దైవకార్యంలా తేలిగ్గా జరిగిపోయిందని రాస్తే బాగుండేది. కాని అట్లా జరగలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. నడుము విరిగినంత పనైంది. ఇంటికి పోయి మంచం పట్టుకుని మెల్లగా వాలాను. వాలాక, ఇంత నొప్పిలో కూడా ఒకటే అనుకున్నాను. మా పొలంలో ఆ మునుం వేసింది ఎవరైనా సరే, వాళ్ళకూ ఇట్లాగే నొచ్చి ఉంటుంది. అది ఎవరో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.