పెరట్లో దులిపిన చొక్కా

మా ఇంట్లో మగ్గం ముందుగదిలోనే ఉంటుంది. దాని మీద తెల్ల పట్టు ఎక్కిందంటే ఆ చీర దిగేదాకా మా ఆయనకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఆయన పెనుకొండ దగ్గర బూడిద ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కరెంటు తయారుచేసే చోట బొగ్గు కాలాక మిగిలే సన్న బూడిదను లారీల్లో తెచ్చి, సిమెంటు కలిపి ఇటుకలు పోస్తారు. సాయంత్రం ధర్మవరంలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మనిషి కనుబొమలతో సహా బూడిద రంగులో ఉండేవాడు.

"ఆడే నిలబడు! లోపలికి రావద్దు!" అని మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే కేకేసేదాన్ని.

"నాకంటే ఆ చీరే ఎక్కువైపాయ నీకు."

"చీర చెప్పినట్టు వింటాది. నువ్వు వింటావా?"

నవ్వుకుంటూ సందులోంచి పెరట్లోకి పోయేవాడు. ఆయన స్నానం చేస్తుంటే నేను ఆ చొక్కాను, ప్యాంటును గోడకేసి బాది దులిపేదాన్ని. బూడిద గుప్పున లేచేది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచేది కాదు. నా ధ్యాసంతా పట్టు మీదే. ఒక్క మరక పడితే పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు చీర వెనక్కి తోసేస్తాడు.

కొన్నాళ్లకు ఆయనకు కడుపునొప్పి మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనేవాడు. సంగటి ముద్ద చూస్తే వదలని మనిషి, సగంలో లేచిపోయేవాడు.

"మాస్కు ఇచ్చినారంట కదా, యాడ పెట్టినావు?"

"జోబులో భద్రంగా ఉండాది."

ఒళ్లు మండిపోయేది నాకు. ఆ పని మానెయ్యమని పోట్లాడేదాన్ని. "నాకేమైతాది మే? గుండ్రాయి మాదిరి ఉండాను" అనేవాడు. నేను అన్నం మానేసి అలిగితే తప్ప హిందూపురం ఆస్పత్రికి కదల్లేదు.

డాక్టరమ్మ ఆయన్ని చూసింది, ఏం పనో అడిగింది. బూడిదంటే ఉత్త దుమ్ము కాదంది. అందులో సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు కొంచెం కొంచెం ఉంటాయట. పీల్చినా, చేతుల మీదుగా నోట్లోకి పోయినా ఒంట్లో చేరుతూనే ఉంటాయట. తర్వాత నా వైపు తిరిగి, "బట్టలు ఎవరు ఉతుకుతారమ్మా?" అని అడిగింది.

నేను గొప్పగా చెప్పాను. "నేనే మేడమ్. పెరట్లో గోడకేసి బాగా దులిపి, ఆనక ఉతుకుతాను. ఒక్క రవ్వ కూడా ఇంట్లోకి రానీను."

ఆమె ఆయనతో పాటు నాకూ రక్తపరీక్ష రాసింది. నేనూ ఈ మధ్య నీరసంగా ఉంటున్నాను గానీ, వయసు మీద పడుతోందనుకున్నాను.

రిపోర్టు కోసం మళ్లీ వెళ్లిన రోజు ఆయన క్యారియర్ కట్టించుకున్నాడు. తిరుగు బస్సులో పెనుకొండలో దిగి మధ్యాహ్నం షిఫ్టుకు పోతానన్నాడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఆయన రక్తంలో సీసం ఎక్కువుంది. "మందు రాయండి మేడమ్, పని మాత్రం మానలేను" అన్నాడు మొండిగా. డాక్టరమ్మ రెండో కాగితం తీసింది. "ఈమె రక్తంలో కూడా ఉంది. మీ అంత లేదు, కానీ ఉంది. ఈమె ఏ ఫ్యాక్టరీకీ పోలేదు కదా!" అంది.

మా ఆయన ఆ రెండో కాగితం అడిగి తీసుకున్నాడు. బస్సెక్కినా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాగుడుకాయ మనిషి అట్లా కూర్చుంటే నాకే భయమేసింది.

పెనుకొండ వచ్చింది. కండక్టరు కేకేశాడు. ఆయన ఒళ్లో క్యారియర్ పట్టుకుని అట్లాగే ఉన్నాడు.

"దిగవా? షిఫ్టుకు టైమైతాంది."

"దినామూ తెచ్చి నీ చేతికే ఇచ్చినా కదా మే, ఆ ఇసం," అన్నాడు నా చేతుల వైపు చూస్తూ. "ఇంక పోను."

బస్సు కదిలింది. ఆ మనిషి మీద అంత ప్రేమ నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. ఏడుపొచ్చింది. అదంతా ఆయనకెట్లా చెప్పేది? "క్యారియర్ తెరువు, ఆకలైతాంది" అన్నాను.