పనస కర్ర కారు

ఆరేళ్ల క్రితం విశాఖలో జరిగిన పాత కార్ల పోటీలో నా కారును పీచుమిఠాయి బండి పక్కన నిలబెట్టారు. పందెంలోకి రానివ్వలేదు. ఈ మాట ఎత్తినప్పుడల్లా మా ఇంట్లోవాళ్లు "మళ్లీ మొదలెట్టారు" అంటారు. అననీ. నిలబెట్టింది వాళ్ల కారును కాదు.

పలాసలో నాకు లేతు షాపు ఉంది. ఆ కారు రెండే సీట్లున్న, టాపు లేని పాత బ్రిటిష్ కారు. టెక్కలిలో ఒక బంగళా షెడ్డులో, దాని సీట్లలో కోళ్లు పొదుగుతుండగా కొన్నాను. ఇంజను నేనే బాగుచేశాను. కానీ రేకు కింద చట్రమంతా చెక్క. దాన్ని చెదలు తినేశాయి. వెతగ్గా వెతగ్గా సంతబొమ్మాళి వైపు తీరంలో పడవలు కట్టే ఒకాయన దొరికాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి నవ్వాడు.

"ఇది కారేటి బావా! సక్రాలెట్టిన పడవ."

"పరాసికాలాపి, సేత్తావా సెయ్యవా సెప్పు."

"సేత్తాను. మన ఉద్దానం పనస కర్రెడతాను. పైన జీడి నూనె పూత్తాను. ఉప్పుగాలి దాన్నేటీ సెయ్యలేదు."

జీడిపిక్కల తొక్క నుంచి తీసే ఆ నల్లటి నూనెనే అక్కడ పడవలకు పూస్తారు. ఆరకముందు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

అప్పటికే పందేల్లో ఈ చిన్న కార్ల మోజు పోయింది. ఒకప్పుడు వరసంతా అవేనట. సామాన్లు దొరకవని, ఆయిలు కారుస్తాయని, అందరూ జర్మనీ, జపాను కార్లకు మారిపోయారు. ఆ ఏడు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి నా కారు తలుపు తీసి, లోపలి చెక్కను వేలితో రుద్దాడు.

"ముట్టుకోకండి సార్, నూనె ఇంకా ఆరలేదు" అన్నాను.

"ఏంటండీ ఈ కంపు? చేపల పడవ తెచ్చి కారంటారా? రూలు ప్రకారం ఇంగ్లండు చెక్కే ఉండాలి. చూడ్డానికి పెట్టుకోండి, పందేనికి కాదు."

సాయంత్రానికి ఆయన వేలు బొబ్బలెక్కిందని విన్నాను. సంతోషించలేదని అబద్ధం చెప్పను.

చెక్క ఏ దేశానిదైతేనేం, గట్టిగా ఉందో లేదో చూడండంటూ నిర్వాహకులకు ఏటా ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నకళ్లన్నీ నా దగ్గరున్నాయి.

ఈమధ్య మోజు మళ్లీ తిరిగింది. సొంత చేతులతో విప్పి బిగించుకోగల బండి కావాలని కొత్తవాళ్లు మూలనపడ్డ చిన్న కార్లను బయటికి తీశారు. అన్నిటి రేకుల కిందా అవే చెదలు. అందరికీ ఇంగ్లండు చెక్క ఎక్కడ దొరుకుతుంది? ఈ ఏడు రూలు మార్చారు. గట్టిగా ఉంటే ఏ చెక్కైనా సరే.

పడవల ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని విశాఖ వెళ్లాను. తనిఖీకి ఆ పెద్దమనిషే వచ్చాడు. మళ్లీ పీచుమిఠాయి పక్కకే పంపుతాడేమోనని ఉత్తరాల నకళ్లు చేతిలోకి తీసుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తలుపు ముందు నిలబడ్డాడు.

"ఆరిందా?"

"ఆరేళ్లయింది సార్."

అప్పుడు చెక్కను తట్టాడు. తలుపు పట్టుకుని గట్టిగా ఊపాడు. చెక్క కదల్లేదు. పందెం నంబరు తనే అంటించి, గొంతు తగ్గించి అడిగాడు.

"నాకూ ఇలాంటి కారే ఉందండీ. తలుపులు ఊడిపోతున్నాయి. ఈ పని చేసిందెవరు?"

"నానేనండి" అన్నాడు పడవల ఆయన. "మరి మా పడవల కంపు తవరికి పడదు గదా సార్?"

పెద్దమనిషి నవ్వాడు. క్షమించమని మాత్రం అనలేదు. నేను గమనించాను.

పందెంలో ఎనిమిదో వాణ్ణయ్యాను. నా వెనక రెండు జర్మనీ కార్లున్నాయి.

పోయిన వారం ఆ పెద్దమనిషి కారు లారీ మీద తీరానికి వచ్చింది. ఇప్పుడు రెండు పడవల మధ్య ఉంది. పనస కర్ర ఆరి పని పూర్తవడానికి మూడు నెలలు పడుతుందట. ఆయన చూసుకోవడానికి వస్తూ పోతూ ఉండాలి, తలుపుల బందులు చేయించుకోవడానికి నా షాపుకీ రావాలి. ఒక్క మాట చెప్పడానికి మూడు నెలలు సరిపోతాయనుకుంటున్నాను.