నోల్వియా పాడిన ఏడు చరణాలు

హోండురాస్‌లోని చొలోమా ఊళ్లో, మా చొక్కాల ఫ్యాక్టరీలో నోల్వియా చొక్కా చేతులు కుట్టేది. నలభై మూడేళ్ల వయసులో ఆదివారం బడికి వెళ్లి లెక్కలు, చరిత్ర అన్నీ గట్టెక్కింది. జాతీయ గీతం పరీక్ష ఒక్కటే మిగిలింది. అందులో తప్పితే మా దేశంలో చదువు పట్టా రాదు. పట్టా లేకపోతే ఆమె ఆశపడ్డ నర్సు శిక్షణా లేదు. ఏడు చరణాలూ నోటికి రావాలి, అర్థం చెప్పాలి, పాడాలి. మమ్మల్ని ఏలేవాళ్లలో ఎందరికి వస్తాయని మాత్రం అడక్కండి.

రెండుసార్లు తప్పింది. మాటలు రాక కాదు.

"నోల్వియాగారూ, ఇది కవాతు పాట. బూట్లు నేల దన్నినట్టుండాలి. మీరేమో పసిపిల్లను జోకొడుతున్నారు," అన్నాడు పరీక్ష పెట్టే లిసాండ్రో మాస్టారు.

"నలుగురు పిల్లల్ని పెంచిన గొంతు మాస్టారూ, ఇంకెలా వస్తుంది?"

"ఇలా పాడితే దేశం నిద్రపోతుందమ్మా!"

"ఇప్పుడు మేలుకునుందా?"

ఆ మాటకు ఇంకో రెండు మార్కులు పోయాయి.

మార్చిలో ఫ్యాక్టరీవాళ్లు మరుగుదొడ్డికి రోజుకు రెండుసార్లే వెళ్లాలని నియమం పెట్టారు. మేం మిషన్లు ఆపి గేటు ముందు కూర్చున్నాం. పోలీసులు లాఠీలతో దిగారు. మేం కబురుపెట్టిన లాయరమ్మ ఇంకా దారిలోనే ఉంది. నోల్వియా లేచి గీతం ఎత్తుకుంది. గీతం వినబడితే ఎవరూ కదలకూడదు కదా! పోలీసులు నిటారుగా నిలబడ్డారు, మేనేజరూ నిలబడ్డాడు. సభల్లో పాడేది పల్లవి, ఆఖరి చరణమే. అవి అయిపోగానే సార్జెంటు లాఠీ ఎత్తాడు. నోల్వియా మొదటి చరణం అందుకుంది.

లాఠీ దించి, "ఇంకా ఉందా?" అని పక్కవాడితో గొణిగాడు సార్జెంటు.

"మొత్తం ఏడు సార్."

"ఏడా! మరి నువ్వెలా పాసయ్యావురా?"

"మీలాగే సార్, కాపీ కొట్టి."

ముందు వరుసలో ఉన్న నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను. నోల్వియా తన జోలపాట నడకలోనే, మండే ఎండలో, ఒక్కో చరణాన్నీ సాగదీసింది. నాలుగోది నడుస్తుండగా లాయరమ్మ కారు దిగింది, వెనకే రేడియోవాళ్లు. ఆ రోజు ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. వారం తిరిగేసరికి ఆ నియమం పోయింది. నోల్వియా ఉద్యోగమూ పోయింది.

ఇక పట్టా ఒక్కటే దిక్కు. మూడోసారి పరీక్షలో ఛాతీ విరిచి, గొంతు బిగించి పాడింది. చరణాలు పరుగెత్తాయి. అర్థం అడిగితే పుస్తకంలో ఉన్నదే అప్పజెప్పింది: దేశం కోసం పౌరులు త్యాగం చెయ్యాలి.

మాస్టారు పొంగిపోయి పాసైనట్టు కాగితం మీద సంతకం చేసి, చెయ్యి కలిపాడు. "ఇన్నాళ్లకు అర్థమైందమ్మా మీకు, ఈ పాటంటే ఏమిటో!"

"అయింది మాస్టారూ. కింద కూడా ఇంకో సంతకం పెట్టాలట," అంది నోల్వియా, కాగితం ముందుకు జరుపుతూ.